మాయాయంత్రంలో తెలుగు పుట

అచ్చయిన పుస్తకం నూరేళ్ళు అలమారలో ఉన్నా, దానిని తెరిచి చదవడానికి కళ్ళుంటే చాలు. కంప్యూటరులో కూర్చిన పుస్తకం అటువంటిది కాదు. ఆ పుటలు తెరుచుకోవాలంటే వాటిని కూర్చిన సాఫ్ట్‌వేర్ కావాలి. ఆ సాఫ్ట్‌వేర్‌కు తగిన ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి. ఆ సిస్టమ్‌ను భరించే యంత్రం కావాలి. వీటిలో ఏ ఒక్కటి కరవైనా పుస్తకం ఉండీ లేనట్లే.

తెలుగు ప్రచురణరంగానికి ఈ చిక్కు బాగా తెలుసు. 1990ల నుంచి ఎన్నో పుస్తకాలు, పత్రికలు, శుభలేఖలు పేజ్‌మేకర్‌లో, ‘అను’, ‘శ్రీలిపి’ వంటి ఫాంట్లతో రూపొందాయి. 2001లో వెలువడిన పేజ్‌మేకర్ 7.0 తరువాత ఆ సాఫ్ట్‌వేర్‌కు కొత్త రూపం రాలేదు. అదే సంవత్సరం వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ సంస్థ మద్దతు ముగిసింది. నేటి కంప్యూటర్లలో ఆ పాత సరంజామా సక్రమంగా నడుస్తుందన్న హామీ లేదు. లినక్స్ వాడేవారి కంప్యూటరు దానిని నేరుగా నడపనే నడపదు.

ఈ అవస్థకు దొరికిన ఉపాయం వర్చువల్ మెషీన్. అంటే యంత్రంలో మరొక యంత్రం. ఈ భావన కొత్తది కాదు. పెద్ద కంప్యూటర్ల కోసం ఐ.బి.ఎం. సంస్థ 1972లోనే దీనిని విక్రయయోగ్యం చేసింది. 1999లో వీఎంవేర్, 2007లో వర్చువల్‌బాక్స్ దీనిని సామాన్యుల బల్లమీదికి తెచ్చాయి. కొత్త కంప్యూటరు తన జ్ఞాపకశక్తిలో కొంత భాగాన్ని కేటాయిస్తుంది. ఒక పెద్ద ఫైలును హార్డ్ డిస్కుగా చూపుతుంది. అందులో స్థాపించిన ఎక్స్‌పీ తాను నిజమైన యంత్రంలోనే ఉన్నాననుకొని పనిచేస్తుంది. పెద్దన మనుచరిత్రలో వరూధిని ఎదుట నిలిచింది ప్రవరుడు కాదు, ఆ రూపం దాల్చిన గంధర్వుడు. ఆమెకు ఆ భేదం తెలియదు. అయినా ఆ కలయికవల్ల పుట్టిన స్వరోచి మాయ కాడు. అలాగే ఈ మాయాయంత్రంలో తెరుచుకున్న పుట నిజమైన పుటే. దానిని అచ్చుకు పంపవచ్చు, దిద్దవచ్చు.

ఇంతటితో సమస్య తీరిందని సంతోషించేవారు ఉన్నారు. ఆ సంతోషం తొందరపాటు. వర్చువల్ మెషీన్ పాత సాఫ్ట్‌వేర్ ఆదేశాలలో అధికభాగాన్ని అసలు ప్రాసెసర్‌కే అప్పగిస్తుంది. ఆ ప్రాసెసర్ జాతి మారితే ప్రతి ఆదేశాన్నీ అనువదించవలసి వస్తుంది, వేగం కుంటుపడుతుంది. 2020 నుంచి యాపిల్ కంప్యూటర్లలో జరిగింది ఇదే. రక్షణ సవరణలు ఆగిపోయిన ఎక్స్‌పీని ఇంటర్నెట్‌కు కలపడం కూడా క్షేమం కాదు. నేడు నిలిచిన ఆశ్రయం రేపు నిలవకపోవచ్చు.

అసలు లోపం యంత్రంలో లేదు, అక్షరాన్ని దాచిన పద్ధతిలో ఉంది. ఆ పాత ఫాంట్లు తెలుగు అక్షరాన్ని అక్షరంగా దాచలేదు. తలకట్టును, కొమ్మును, ఒత్తును ముక్కలుగా విడదీసి, ఆంగ్ల అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాలలో నిలిపాయి. ఫాంటు లేనిచోట ‘అమ్మ’ అన్న మాట సైతం అర్థంలేని ఆంగ్ల గుర్తుల వరుసగా కనిపిస్తుంది. అందులో ఒక మాటను వెదకడం కష్టం, అకారాది క్రమంలో పేర్చడం కష్టం. చూపులేని విద్యార్థికి ఆ పుటను చదివి వినిపించవలసిన సాఫ్ట్‌వేర్ ఆ గుర్తులనే వల్లిస్తుంది. తన పాఠం తన కంప్యూటరులోనే ఉన్నా ఆ బిడ్డకు అందదు. దీనికంటె పెద్ద నష్టం వేరే చెప్పనక్కరలేదు.

యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే స్థానం ఉంది. ‘క్క’ అని రాస్తే అందులో క, పొల్లు, క అని మూడు సంకేతాలు ఉంటాయి. ఏ ఫాంటు వేసినా, ఏ యంత్రంలో తెరిచినా అది ‘క్క’యే. కనుక వర్చువల్ మెషీన్‌ను కాపురముండే ఇల్లుగా కాక, వరదలో చిక్కిన సామాను దాటించే పడవగా వాడుకోవడం వివేకం. పాత పుటను అందులో తెరిచి, పాఠాన్ని బయటికి తీసి, యూనికోడ్‌లోకి మార్చి భద్రపరచాలి.

పాత ఫాంట్ల అందం యూనికోడ్ ఫాంట్లకు లేదని అచ్చుకూటాలవారు చాలాకాలం అన్నారు. ఒకప్పుడు ఆ మాటలో నిజముండేది. ఇప్పుడు గిడుగు, ధూర్జటి, మండలి వంటి ఫాంట్లు ఉచితంగానే లభిస్తున్నాయి. వాటిలో పెద్దన పేరుతోనూ ఒకటి ఉండడం విశేషం. మార్చేటప్పుడు తప్పులు దొర్లుతాయన్న అభ్యంతరం మాత్రం కొట్టిపారేయదగినది కాదు. ఒత్తులు స్థానం తప్పుతాయి, సంయుక్తాక్షరాలు చెదురుతాయి. ప్రతి పుటనూ మనిషి కూర్చుని మూలంతో పోల్చి దిద్దవలసిందే. దానికి సొమ్ము కావాలి, ఓపిక కావాలి. ఈ భారాన్ని చిన్న ప్రచురణకర్తల నెత్తిన వేసి ఊరుకోవడం న్యాయం కాదు. విశ్వవిద్యాలయాలు, అకాడమీలు ముందుగా తమ ప్రచురణలతోనే ఈ పని ఆరంభించాలి.

ఆ ఫాంట్లలో ఏళ్ళ తరబడి పనిచేసిన డి.టి.పి. ఆపరేటర్లు ఇంకా మన ఊళ్ళలో ఉన్నారు. చెదిరిన వరుసను చూడగానే అక్కడ ఏ ఒత్తు ఉండేదో తడుముకోకుండా చెప్పగలవారు వారే.