బీరువాలోని చీర ఎవరిది?

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తినప్పుడు మా సంఘంలోనూ బట్టలు సేకరించాం. మూటలు గుట్టలయ్యాయి. విప్పి చూస్తే సగం చిరిగినవి, గుండీలు ఊడినవి. సాయం చేస్తామంటూ వచ్చిన యౌవనస్థులకు ఎవరు ఏం చేయాలో చెప్పలేకపోయాం. ఎదురుచూసి వాళ్లు వెళ్లిపోయారు. క్రిస్మస్ దాకా మూటలు అక్కడే ఉన్నాయి. తప్పు వాళ్లది కాదు, సంఘ కాపరులమైన మాది.

2004 సునామీ తర్వాత నాగపట్నం తీరంలోనూ పాతబట్టలు రోడ్ల పక్కన కుప్పలుగా పడి ఉన్నాయి. సర్వం పోయినా మనిషికి ఆత్మగౌరవం మిగిలే ఉంటుంది కదా!

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించినవి ఆమె వదిలించుకున్న బట్టలు కావు, స్వయంగా కుట్టిన అంగీలు (అపొ.కా. 9:39). యెరూషలేములో విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని సణుగుడు పుట్టినప్పుడు అపొస్తలులు ఉపదేశంతో సరిపెట్టలేదు. ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించారు (అపొ.కా. 6:1-6). మంచి మనసుకు మంచి క్రమం తోడైతేనే పరిచర్య.

వాడకుండా దాచిన వస్త్రం బట్టల్లేని వానిదేనని నాలుగో శతాబ్దంలో కైసరయ బిషప్ బాసిల్ బోధించాడు. కాబట్టి బీరువా తెరిచినప్పుడు మనం దానం చేస్తున్నామనుకోకూడదు, బాకీ తీరుస్తున్నాం. బాకీని చిరుగులతో తీర్చగలమా?

ఈసారి ఉతికి, గుండీలు కుట్టి, మడతపెట్టి తెద్దాం. వేరుచేయడానికి కొందరిని, అవసరం కనుక్కుని చేర్చడానికి కొందరిని ముందే నియమిద్దాం. దిగంబరికి తొడిగినది తనకే తొడిగినట్టని ప్రభువు చెప్పాడు (మత్తయి 25:36-40). ఆయనకు ఏ చీర, ఏ చొక్కా ఇస్తామో అదే తీద్దాం.