సేవకు పట్టమేల?



గోదావరి తీరమునుండి ఒక పెద్దామె నాకు లేఖ వ్రాసిరి. వారి కోడలు బి.కాం. ప్యాసైనది. నాలుగేండ్ల కుమారుడు కలడు. ఇప్పుడామె ఎం.ఎస్.డబ్ల్యు., అనగా సంఘసేవలో స్నాతకోత్తర పట్టమునకు చదివెదనని పట్టుపట్టుచున్నదట. “ఆకొన్నవానికి అన్నము పెట్టుట, రోగికి చాకిరి చేయుట మన యిండ్లలో ఎవరును నేర్పకయే వచ్చు విద్యలు. వానికి రెండేండ్ల చదువును, పరీక్షలును ఏల? పైగా కోడలిని ఆసుపత్రుల వెంటను, పేటల వెంటను త్రిప్పుదురట. మా అబ్బాయి సరే యనుచున్నాడు. మీరేమందురు?” అని వారు నన్నడిగిరి.

కొన్నియేండ్ల క్రిందట నేనును ఇదే మాట అనియుందును. తరువాత జరిగినదానిని, సిగ్గువిడిచి చెప్పెదను.

మా యింట అంట్లు తోము ఆమె ఒకనాడు వాచిన చెంపతో వచ్చినది. నాకు కోపమాగలేదు. ఆమె మగని పిలిపించి, వీధియరుగు మీద పదిమంది యెదుట చీవాట్లు పెట్టితిని. అతడు తలవంచుకొని పోయెను. గొప్ప ఉపకారము చేసితినని ఆ రాత్రి తృప్తిగా నిద్రించితిని. మరునాటినుండి ఆమె మా గుమ్మము త్రొక్కలేదు. నెల గడచిన పిదప సంతలో కనబడినది. పరువు తీయించితివని మగడు ఇంటికి పోయి మరింత కొట్టి, పని మాన్పించినాడట. “నన్నొక్క మాట అడగాల్సిందమ్మగారూ” అని మాత్రమే అని, కూరగాయల బుట్ట ఎత్తుకొని పోయినది.

ఆ ఒక్క మాట అడుగుట ఎట్లో నేర్పుటయే ఈ చదువులో సగభాగము.

మనకిది క్రొత్త సంగతి కాదు. సుందరకాండము చదివిన సోదరీమణులు జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అశోకవనమున సీతమ్మను చూచిన వెంటనే హనుమంతుడు ఎదుటికి దూకలేదు. ఏ భాషలో పలికినచో ఈమె భయపడకుండునని చెట్టుమీదనే కూర్చుండి చాలసేపు ఆలోచించెను. తరువాత, వీపుమీద ఎక్కించుకొని పోయెదననగా ఆమె వలదనెను; తన కారణములు తాను చెప్పెను. సముద్రము దాటి వచ్చిన బలశాలి అయ్యు, అతడు బలవంతము చేయలేదు. ఆమె చెప్పుమన్న మాటలను, ఇచ్చిన చూడామణిని మాత్రము తీసికొనిపోయెను. బాధపడువారి నిర్ణయము బాధపడువారిదే యని ఈ శాస్త్రమువారు మొదటి పాఠములలోనే చెప్పుదురు. నాకు ఆ కాండము కంఠస్థమే. అరుగుమీద నిలిచిననాడు మాత్రము జ్ఞప్తికి రాలేదు.

పాశ్చాత్యదేశములలోను ఈ విద్య ఇట్టి పొరపాట్లనుండియే పుట్టినది. అమెరికాలో దయగల సంపన్నస్త్రీలు పేదల యిండ్లకు పోయి హితబోధలు చేసెడివారు. దయ యొక్కటి చాలదని తెలిసి, 1898లో న్యూయార్కునందు ఆరువారముల వేసవి పాఠశాల నొకదానిని తెరచిరి. మేరీ రిచ్మండ్ అను విదుషీమణి 1917లో ఒక పెద్ద గ్రంథమునే ప్రకటించినది. వైద్యుడు రోగనిదానము చేయునట్లు, ఒక కుటుంబపు కష్టమునకు మూలమెక్కడనో సాక్ష్యములతో విచారించి తెలిసికొను విధమందు వివరింపబడినది. మనదేశమున 1936లో బొంబాయియందు దొరాబ్జీ టాటాగారి పేర మొదటి పాఠశాల వెలసెను. అదియే 1944నుండి టాటా ఇన్స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. మదరాసులో మేరీ క్లబ్‌వాలా జాదవ్ గారి పూనికతో 1952లో మరియొకటి ఏర్పడెను.

1937లో ఆంధ్రమహిళాసభను స్థాపించిన దుర్గాబాయమ్మగారు ఏ ఎం.ఎస్.డబ్ల్యు. చదివిరని అడుగుదురేమో. చదువలేదు, వారు చదివినది న్యాయశాస్త్రము. అట్టివారు తరమునకొక్కరు. తక్కినవారము నేర్చుకొనక తప్పదు.

ఇక చదువు సంగతి. ఏ శాస్త్రమున డిగ్రీ ఉన్నను చేరవచ్చును గనుక బి.కాం. అడ్డుగాదు. రెండేండ్లు, నాలుగు సెమిస్టరులు. తెలంగాణమున సీపీజెట్, ఆంధ్రదేశమున ఏపీ పీజీసెట్ అను ప్రవేశపరీక్షలు కలవు. పుస్తకముల పాఠములతోపాటు, సాధారణముగా వారమునకు రెండుదినములు క్షేత్రకార్యము ఉండును. ఆసుపత్రియో, బాలల వసతిగృహమో, ఒక పేటయో విద్యార్థినికి అప్పగింతురు. చూచినది, విన్నది, తానన్నది, తన మనస్సుకు తోచినది వేరువేరుగా వ్రాసి అధ్యాపకునకు చూపవలెను. నా అరుగు ముచ్చటను అట్లు వ్రాసియుండినచో, “ఆమె ఏమన్నది?” అను చోట కాగితము ఖాళీగా ఉండెడిది.

కొట్టబడిన స్త్రీకి చేయదగినదేమో కూడ అప్పుడే తెలియును. 2005 నాటి గృహహింస చట్టము క్రింద రక్షణాధికారులు ఉందురనియు, 181కి ఫోను చేయవచ్చుననియు, సఖి కేంద్రములలో వైద్యము, న్యాయసహాయము, తాత్కాలిక ఆశ్రయము ఒక్కచోటనే దొరకుననియు ఆనాడు నేనెరుగను. ఎరిగినను, వానిలో ఏది కావలెనో కోరుకొనవలసినది ఆమెయే.

జీతమును గూర్చి దాచను. ఈ పట్టముతో దొరకు పనులలో అనేకము ఒప్పందపు ఉద్యోగములే, జీతములు స్వల్పము. కొందరు సంస్థలలో సిబ్బంది వ్యవహారములు చూచు ఉద్యోగములకు మరలుచున్నారు. అక్కడ రాబడి మేలు. మీ కోడలు ఏ త్రోవను తలచినదో చేరకముందే ఆమెనడుగుడు. ప్రత్యేకాంశమును ఎన్నుకొనవలసి వచ్చినప్పుడు ఆ యెరుక అక్కరకు వచ్చును.

క్షేత్రకార్యపు దినములలో ఆమె అలసి, ఒక్కొక్కప్పుడు మాటలేక, ప్రొద్దుపోయి ఇల్లు చేరును. ఎవరిని చూచితివి, వారింట ఏమి జరిగినదని అడుగకుడు. అది ఆమె చెప్పరాదు. పిల్లవానిని ఎవరు చూతురని లేఖ చివర వ్రాసితిరి. ఆ రెండుదినములును, అమ్మా, మీరే చూడవలెను.