అభిషిక్తుణ్ణి అడగకూడదా?

మన సంఘాల్లో ఇప్పుడు ఒక మాట చట్టంలా చలామణీ అవుతోంది: దైవజనుణ్ణి ప్రశ్నించొద్దు. చెప్పిన ప్రవచనం ఎందుకు తప్పిందని అడిగినా, కానుకల లెక్క చూపించమన్నా, ప్రార్థన నూనె సీసాకు ధర ఏమిటన్నా ఒకటే జవాబు: అభిషిక్తుల జోలికి పోతే శాపం తగులుతుంది. దేవరకొండ నుంచి అచ్చంపేట, కల్వకుర్తి, గద్వాల దాకా ఈ మాటకు జడిసి నోరు కట్టుకున్న విశ్వాసులు ఎందరో ఉన్నారు. ఈ మాట వాక్యానికి విరుద్ధం. దీని నీడన బతికేది మోసగాడే.

దీనికి ఆధారంగా చూపేది 105వ కీర్తన. ఆ కీర్తన చెప్పేది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల సంగతి. సొంత నేల లేక ఊరూరా తిరిగిన ఆ కుటుంబాన్ని రాజులు హింసించకుండా దేవుడు కాపాడాడని దాని భావం. బోధకుణ్ణి లెక్క అడగొద్దని అందులో ఎక్కడా లేదు. సౌలు అభిషిక్తుడని అతని మీద దావీదు చెయ్యి వెయ్యలేదు, నిజమే. కానీ ఏన్గెదీ గుహ బయట నిలబడి సౌలు చేస్తున్న అన్యాయాన్ని అతనికే గట్టిగా చెప్పాడు. ఆ దావీదు రాజయ్యాక తప్పు చేస్తే నాతాను వచ్చి నిలదీశాడు. అంతియొకయలో పేతురును పౌలు అందరి ముందూ తప్పుపట్టాడు. ఆ పౌలు బోధనే బెరయవాళ్లు రోజూ లేఖనాలతో సరిచూసుకుంటే, అపొస్తలుల కార్యములు వాళ్లను ఘనులని మెచ్చుకుంది. పౌలుకు తప్పని పరీక్ష మన పాస్టరయ్యకు ఎందుకు తప్పాలి?

ఇక స్వస్థత. ప్రార్థనను నేను తక్కువ చేయడం లేదు. రోగి పక్కన మోకరించి కన్నీళ్లతో అడిగే తల్లి ప్రార్థనను దేవుడు వింటాడని నమ్ముతాను. అయితే కుష్ఠు బాగైనవాళ్లను యేసు ఎక్కడికి పంపాడో గుర్తు చేసుకోండి. వెళ్లి యాజకుడికి చూపించుకోమన్నాడు. ధర్మశాస్త్రం ప్రకారం ఆ రోగం తగ్గిందో లేదో చూసి తేల్చవలసింది యాజకుడు. అంటే స్వస్థపరిచినవాడే పరీక్షకు పంపాడు! మన ఉజ్జీవ కూటాల్లో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. వేదికెక్కి సాక్ష్యం చెప్పిన మనిషి ఏ ఊరివాడో, ఏ డాక్టరు చూశాడో, నెల తర్వాత ఎలా ఉన్నాడో ఎవరూ అడగరు. అడిగినవాడికి విశ్వాసం లేదంటారు. రోగం తగ్గకపోతే ఆ నిందా రోగి మీదే, అతనికీ విశ్వాసం చాలలేదంటారు.

నల్లగొండవాళ్లకు ఇందులోని క్రూరత్వం చెప్పకుండానే తెలియాలి. మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల్లో నడుములు వంగి, కాళ్లు వంకర్లు పోయిన మనుషులను మనం చూశాం. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, ఇతనూ కాదు, ఇతని తల్లిదండ్రులూ కాదని యేసు చెప్పాడు. మన పల్లెల్లోనూ పాపం ఎవరిదీ కాదు, ఫ్లోరైడు విషం భూగర్భజలంలో ఉంది. 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ ఫ్లోరోసిస్ మీద డాక్టర్ సిద్దిఖీ వ్యాసం వచ్చింది. పటిక, సున్నం వేసి నీళ్లలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతిని నీరి సంస్థ రూపొందిస్తే, దానికి నల్లగొండ పేరే పడింది. నీళ్లను పరీక్షించినవాళ్లు ఈ జిల్లాకు నిజం చెప్పారు. ఆ వంగిన నడుముకు శాపమని పేరు పెట్టి కానుక అడిగేవాడు ఎవరైనా సరే, దేవుని పేరిట అబద్ధమాడుతున్నాడు.

మన తాతముత్తాతలకు సువార్త తెచ్చినవాళ్లు మందులు మానమన్లేదు. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చి నల్లగొండలో మిషను నిలబెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ మెన్నొనైట్ బ్రెదరన్‌వాడు. అదే సంఘం నుంచి 1907లో డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బెర్గ్ వచ్చింది. నాగర్‌కర్నూలులో, శంషాబాద్‌లో రోగులను చూస్తూ, 1945లో చనిపోయేదాకా ఈ నేల మీదే ఉంది. తర్వాత జడ్చర్లలోనూ మెన్నొనైట్ బ్రెదరన్ ఆసుపత్రి వచ్చింది. ప్రార్థనా మందూ ఒకే గదిలో ఇమిడిన సంప్రదాయం మనది. లూకా వైద్యుడు. కడుపునొప్పితో బాధపడే తిమోతికి పౌలు కొంచెం ద్రాక్షారసం తాగమని సలహా ఇచ్చాడు. త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చాడు. వీళ్లెవరికీ విశ్వాసం లేదా? క్షయ మందులు మధ్యలో మానేస్తే రోగం మొండికెక్కి ఇంట్లోవాళ్లకూ అంటుకుంటుంది. మూర్ఛ బిళ్లలు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుంది. మాత్రలు పారేసి విశ్వాసం చూపించమనేవాడు చేసేది హత్యాయత్నమే, ఇంతకంటే మెత్తగా చెప్పలేను.

చట్టం కూడా ఒకటుంది. తాయెత్తు, మంత్రం, అలాంటి మహిమగల వస్తువేదైనా రోగం కుదురుస్తుందని ప్రచారం చెయ్యడం 1954 నాటి కేంద్ర చట్టం కింద నేరం. ఆ చట్టం పేర్కొన్న రోగాల జాబితాలో క్యాన్సర్, పక్షవాతం, మూర్ఛ, మధుమేహం ఉన్నాయి. నూనె సీసాలకు పోస్టర్లు వేసేవాళ్లు దాన్ని ఒకసారి చదవాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే ఉంది. బాణామతి, చేతబడి పేరుతో తెలంగాణ పల్లెల్లో మనుషులను కొట్టారు, పళ్లూడగొట్టారు, తగలబెట్టారు. ఆ భయం నుంచి బయటపడటానికే మాల మాదిగ వాడల్లో మనవాళ్లు ఎందరో క్రీస్తు దగ్గరికొచ్చారు. ఇప్పుడు అదే భయాన్ని బైబిలు చేతబట్టుకుని తిరిగి అమ్ముతున్నారు. నీ ఇంటి మీద ఎవరో ఏదో చేయించారని, ఆ మనిషి మీ దగ్గరివాళ్లేనని ప్రవచనం చెప్తే ఆ రాత్రి ఆ వాడలో తోడికోడళ్ల మధ్య ఏం రగులుతుందో ఆలోచించండి.

ఇదంతా బయటపెడితే మనమంటే గిట్టనివాళ్లకు ఆయుధం ఇచ్చినట్టవుతుందని పెద్దలు కొందరు వారిస్తారు. వాళ్ల ఆందోళన నాకు అర్థమవుతుంది. పల్లెల్లో ప్రార్థన కూడికకే అడ్డుపడే రోజులివి. కానీ దాచినందువల్ల మోసం పెరిగిందే తప్ప తరగలేదు. ప్రశ్నించకుండా వదిలేస్తే ఏమవుతుందో చూడండి: కెన్యాలో పాల్ మెకెంజీ అనే బోధకుడు చనిపోయేదాకా ఉపవాసం ఉంటే యేసును కలుస్తారని నమ్మిస్తే, 2023లో షకహోలా అడవిలో 400కు పైగా శవాలను తవ్వి తీశారు. పసిపిల్లలూ అందులో ఉన్నారు.

ఇక డబ్బు సంగతి. హైదరాబాదులో హెబ్రోను సంఘాన్ని స్థాపించిన భక్తసింగ్ డబ్బు కోసం ఎవరికీ విన్నపాలు చేయలేదు. 2000లో ఆయన చనిపోతే జనం వేలల్లో వచ్చారు. కానుకను విత్తనమని, వందంతలు పండుతుందని చెప్పి, ముంబయి వలస కూలి పంపిన డబ్బు లాక్కునేవాళ్లను ఆయన పక్కన నిలబెట్టి చూడండి.

సంఘ పెద్దలకు నా విన్నపం ఇదే. ప్రతి నెలా కానుకల లెక్క సంఘం ముందు చదవండి. స్వస్థత సాక్ష్యం చెప్పేవాళ్లను డాక్టరు చీటీ తెమ్మనండి. తప్పిన ప్రవచనం చెప్పినవాణ్ణి అదే వేదిక మీద అడగండి. మందులు మానమన్నవాణ్ణి మళ్లీ మైకు దగ్గరికి రానివ్వకండి.