మూడో నిబంధన

గణితంలో ఆడపిల్లలకు ఒక బహుమతి ఇవ్వాలని మన కరీంనగర్, ఆదిలాబాద్ మిత్రులు తలపెట్టారు. మే 12న ఇస్తారట. ఇరాన్ గణితవేత్త మరియం మీర్జాఖానీ పుట్టినరోజది. 2019 నుంచి అనేక దేశాల్లో ఆ రోజును గణితంలో స్త్రీల దినంగా జరుపుతున్నారు. మంచి ఆలోచనే. అభిప్రాయం చెప్పమని ముసాయిదా పంపారు. మూడో నిబంధన దగ్గర ఆగిపోయాను: అభ్యర్థి వయసు పద్దెనిమిదేళ్లు మించరాదు.

ఈ వయసు గీత మనవాళ్లు కనిపెట్టింది కాదు. నోబెల్ బహుమతుల్లో గణితం లేదు. ఆ స్థానంలో అందరూ చెప్పుకునే ఫీల్డ్స్ పతకం 1936లో మొదలైంది. నాలుగేళ్లకోసారి, నలభై నిండనివాళ్లకే ఇస్తారు. నగదు పదిహేను వేల కెనడా డాలర్లే అయినా దానికున్న గౌరవం గణితంలో మరే బహుమతికీ లేదు. 2022 వరకు ప్రకటించిన 64 మందిలో స్త్రీలు ఇద్దరే: 2014లో మీర్జాఖానీ, 2022లో ఉక్రెయిన్‌కు చెందిన మరీనా వియజోవ్‌స్కా. మొదటి స్త్రీ పేరు వినటానికి 78 ఏళ్లు పట్టింది.

పెళ్లి, కాన్పులు, పిల్లల పెంపకం, భర్త ఉద్యోగం వెంట ఊళ్లు మారటం - ఇవన్నీ స్త్రీ మీద పడేది ఆ నలభై ఏళ్ల లోపే కదా! గీత అందరికీ ఒకటే. దాన్ని చేరే దారి ఒకటి కాదు. ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని నిరూపించిన ఆండ్రూ వైల్స్ ఆ గీత దాటిపోతే, 1998లో ఆయన కోసం ప్రత్యేకంగా వెండి ఫలకం చేయించారు. అర్హుడే, కాదనను. తలచుకుంటే దారి దొరుకుతుందన్నమాట.

నార్వే 2003 నుంచి ఇస్తున్న ఆబెల్ బహుమతికి వయసు అడ్డు లేదు. నగదూ ఎక్కువే, 75 లక్షల క్రోనర్లు. 2019లో దాన్ని అందుకున్న మొదటి స్త్రీ కారెన్ ఊలెన్‌బెక్‌కు అప్పటికి 76 ఏళ్లు. వయసులో ఉన్నప్పుడు, భర్తకు ఉద్యోగమిస్తామన్న విశ్వవిద్యాలయాలు బంధువుల నియామకం కూడదంటూ ఆమెను కాదన్నాయి. ఆబెల్ మాత్రం స్త్రీల పట్ల ఉదారంగా ఉందా? ఆమెకు ముందు పదహారేళ్లూ పురుషులకే ఇచ్చారు. మన దేశంలో 45 ఏళ్ల పరిమితి ఉన్న భట్నాగర్ బహుమతి 2022 వరకు గణితంలో అందుకున్న స్త్రీలు ముగ్గురు: రామన్ పరిమళ (1987), సుజాత రాందొరై (2004), నీనా గుప్తా (2019).

ఇక మన తెలుగువాడు సి.ఆర్.రావు. 1945లో, పాతికేళ్ల వయసులో రాసిన పరిశోధనా పత్రానికి 2023లో, నూట రెండేళ్ల వయసులో సాంఖ్యక శాస్త్ర అంతర్జాతీయ బహుమతి వచ్చింది. ఇక్కడా 78 ఏళ్లే! అన్నాళ్లు ఆగి చూడగలిగే బహుమతులూ ఉన్నాయి. చిన్నప్పుడు తల్లి లక్ష్మీకాంతమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకోవటానికి నూనె దీపం వెలిగించేదని ఆయనే తన పుస్తకం అంకితంలో రాసుకున్నారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒకటే సందేహం. అంత పొద్దున దీపం వెలిగించిన ఆ మనిషి ఏం చదువుకుని ఉండేది?

నా సంగతీ చెబుతాను. ఇద్దరు పిల్లల తర్వాత, ముప్ఫై ఆరో ఏట ఒక ఫెలోషిప్‌కు దరఖాస్తు తెచ్చుకున్నాను. పరిమితి ముప్ఫై అయిదు. నింపకుండానే మడిచి పెట్టేశాను.

జగిత్యాల వైపు ఒక ఊళ్లో బీడీలు చేసే ఒకామె ఉంది. పదహారేళ్లకు పెళ్లయింది. ఇరవై ఏడో ఏట ఓపెన్ స్కూల్లో పది పాసయింది, అన్నిటికన్నా లెక్కల్లోనే ఎక్కువ మార్కులతో. ఇచ్చిన తునికాకు వెయ్యి బీడీలకు చాలకపోతే బయట కొన్నదెంత, తీసేసిన బీడీలకు పోయిందెంత, చివరికి చేతికొచ్చిందెంత - కాగితం లేకుండా చెబుతుంది. మన నిబంధన ప్రకారం ఆమె అనర్హురాలు. ఉట్నూరు దగ్గర ఆశ్రమ పాఠశాలలో చదువు ఆపేసి, ఆరేళ్ల తర్వాత మళ్లీ పుస్తకం పట్టిన గోండు అమ్మాయిదీ అదే గతి.

మూడో నిబంధన కొట్టేయమని మిత్రులకు రాశాను. దరఖాస్తులో పుట్టిన తేదీకి బదులు రెండు ప్రశ్నలు పెట్టమన్నాను: చదువు ఏ ఏడు ఆగింది, ఎందుకు? మళ్లీ ఏ ఏడు మొదలైంది? రెగ్యులర్‌గా చదివే పిల్లలకు అన్యాయం జరుగుతుందని వాళ్లలో ఒకరు అభ్యంతరం చెప్పారు. అదీ కొట్టిపారేయదగ్గ మాట కాదు. రెండు బహుమతులు ఇవ్వటానికి మన దగ్గర డబ్బు లేదు. మార్చిలో నిర్మల్‌లో కూర్చుని తేల్చుకుందామనుకుంటున్నాం. రాగలిగిన వాళ్లు రండి, రాలేనివాళ్లు ఉత్తరం రాయండి.