వంటింటి జలదారి

ఇల్లు పాతదైనచో గోడలకు సున్నము వేయింతుము, తలుపులకు రంగు పూయింతుము. అంట్లు కడిగిన నీరు ఎటు పోవుచున్నదో విచారించువారు మాత్రము అరుదు. కావున ఈ మాసము వంటింటి మూలనున్న జలదారిని గూర్చి ముచ్చటింతము.

విజయనగరము, బొబ్బిలి, నరసన్నపేట మొదలగు చోట్లనున్న పాత పెంకుటిండ్లలో జలదారి యనగా ఒక రాతిపలక, గోడలో నొక తూము, ఆవల పెరటిలో అరటిమొదళ్లు. వార్చిన గంజి కుడితితొట్టికి పోయెడిది గనుక తూములో జిడ్డు పేరుకొనెడిది కాదు. తరువాత ఇంటింటికి కొళాయిలు వచ్చినవి. ఆ తూములోనే ఇనుపగొట్టము దూర్చిరి. పెరటిలో పశువులు లేకపోయినవి, గంజి గొట్టముపాలైనది. గంజియు, నూనెజిడ్డును తుప్పుతో గలసి పొరలుగట్టగా, రెండంగుళముల గొట్టములో తుదకు చిటికెనవ్రేలు పట్టునంత సందు మిగులును. పైకి జూచిన గొట్టము బాగుగనే యుండును!

గొట్టము కారుచున్నదో లేదో తెలిసికొనుటకు నిపుణులక్కరలేదు. అతుకులకు తెల్లని పాతగుడ్డ చుట్టి, పసుపు కలిపిన నీరు చెంబెడు పోయుడు. గుడ్డ పచ్చబడినచోట అతుకు వదలినదన్నమాట. అట్లు కారిన నీరు సున్నపుగోడలోని కింకి చెమ్మయగును. చెమ్మ వెంట చెదలు వచ్చును.

అంతకంటె పెద్ద యపాయము దోమ. ఈ జిల్లాలవారికి బోదకాలును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ వ్యాధిక్రిమి దోమ దేహమున పెరుగునని 1877లో పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు చైనాలోని అమోయ్ రేవుపట్టణమున కనుగొనెను. మనదేశమున దాని నరికట్టుటకు 1955లో జాతీయ కార్యక్రమ మొకటి ప్రారంభమైనది. ఈ క్రిమిని మోయు క్యూలెక్సు దోమ మురుగునీటినే వెదకికొని గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమయగుటకు మన వేడిలో వారము పదిదినములు చాలును. వ్యాధి ముదిరిన పిదప కాలివాపు పూర్తిగా తీయదు. చీరకుచ్చెళ్ల చాటున కాలు దాచుకొని, వైద్యునికి జూపుటకు సిగ్గుపడు ఆడువారిని మన మెరుగనిది కాదు. పెరటిలో మడుగుకట్టిన జలదారినీరు ఇంత పని చేయగలదు.

కావున పాతగొట్టము తీయించునాడు ఇంటి యిల్లాలు దగ్గర నిలువవలెను. మగవారు ధర మాటలాడి వెళ్లిపోవుదురు. ఆ జలదారితో దినము గడపవలసినది మనము గదా! పాతగోడను సుత్తితో మోదనీయక, గొట్టమును రంపముతో కోయించుడు. క్రొత్త గొట్టము ఒకటిన్నర అంగుళమునకు తక్కువ కారాదు. అడుగు దూరమునకు పావంగుళము చొప్పున వాలు ఉండవలెను. అనగా 12 అడుగులకు 3 అంగుళములు.

ముఖ్యమైనది తొట్టిక్రింది వంపు. అందులో రెండంగుళముల నీరు ఎల్లప్పుడు నిలిచి, మురుగువాసనను, బొద్దింకలను లోనికి రానీయదు. 1775లో అలెగ్జాండరు కమ్మింగ్ అను గడియారపు పనివాడు మరుగుదొడ్డికై ఇట్టి వంపునకు పేటెంటు పొందెను. ఇంత పాత ఉపాయమైనను నేటికిని కొందరు పనివాండ్రు ముడుతముడుతల మెత్తని గొట్టమును తిన్నగా తూములోనికి దూర్చి కూలి పుచ్చుకొని పోవుదురు. అంగీకరింపకుడు. ఆ ముడుతలలో జిడ్డు నిలుచును. ఎలుకలు దానిని కొరుకును. మరతో విప్పి కడుగుటకు వీలైన గట్టి వంపునే అడుగుడు. గొట్టము చుట్టు మిగిలిన సందును పూర్తిగా పూడ్పింపనిచో పందికొక్కు అటనుండియే ప్రవేశించును.

వెలుపల నీరు మూత గల కాలువలోనికి గాని, నూతికి దూరముగా పల్లమున త్రవ్వి కప్పిన ఇంకుడుగుంతలోనికి గాని పోవలెను. అరటిపాదులకే విడువదలచినచో, నిలువక ఇంకిపోవునట్లు పాదు మార్చుచుండుడు.

అతికిన జిగురు ఆరుటకు ఒకదినము గడువిచ్చి, ఆ పూట అంట్లు నూతిగట్టున తోముకొనుడు. మరగుచున్న గంజిని పి.వి.సి. గొట్టమున పోయరాదు, మెత్తబడి వంగును. చల్లార్చి చెట్లకు పోయుడు. వేసవిలో పుట్టింటికి పోవునపుడు వంపులోని నీరు ఆవిరియైపోవును గనుక, బయలుదేరుముందు చెంబెడు నీరు పోసి, దానిపై రెండు చెంచాల కొబ్బరినూనె విడిచి తలుపు తాళము వేయుడు.