పందికూన చిక్కిపోతే పశువైద్యానికి పట్టదా?

మామిడి కోతలు అయిపోయాక రెడ్డిగూడెం తోటల్లో కూలికి పని దొరకదు. ఆ నెలల్లో పేదింటిని ఆదుకునేది దొడ్లో కట్టేసిన జీవమే. గేదె కొనే తాహతు లేని ఎరుకల కుటుంబాలకు ఆ జీవం పంది. ఈతకు వచ్చిన కూనల్ని పెంచి అమ్మితేనే అప్పు తీరేది, పిల్లలకు బట్టలొచ్చేది.

ఆ కూనలు పాలు మానిన నెలా రెణ్ణెల్లకే ఎండిపోతే? వెన్నుపూస బయటికొస్తుంది, చర్మం పాలిపోతుంది, ఆయాసం పడుతుంది. కొన్నిటికి పారుడు, కొన్నిటికి కామెర్లు. దిష్టి అని ఒకరంటారు, పురుగులని ఒకరంటారు. చూస్తుండగానే ఈతలో సగం పోతుంది.

ఇలా చిక్కి చావడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి సర్కోవైరస్-2 అనే సూక్ష్మజీవి. ఈ రోగాన్ని మొదట 1991లో కెనడాలో గుర్తించారు. అది కూన ఒంట్లో రోగాల్ని ఎదిరించే శక్తినే తినేస్తుంది. ఆ తర్వాత ఏ చిన్న జబ్బయినా చాలు, ప్రాణం తీస్తుంది. మనుషులకు అంటదు. మన దేశంలో ఈశాన్య రాష్ట్రాల్లోనూ, పంజాబు, కేరళల్లోనూ ఈ వైరస్ బయటపడింది.

ఒక్క సంగతి గమనించాలి. వైరస్ ఉన్న ప్రతి పందీ జబ్బుపడదు. ఇరుకు, మురికి, వేరువేరు ఈతల పిల్లల్ని కలపటం, మరో జబ్బు తోడవటం - ఇవి కలిస్తేనే చావులు పెరుగుతాయి. కాబట్టి చిక్కిన కూనని వెంటనే వేరు చెయ్యాలి. సంతలో కొన్న పిల్లల్ని పాతవాటితో కలపకూడదు. దొడ్డి కడిగి బ్లీచింగు చల్లాలి. హోటలు కూడు మరగబెట్టే పెట్టాలి. చచ్చినవాటిని కాలవలో వెయ్యక సున్నం వేసి పూడ్చాలి. సూదిమందు వైరస్‌ను చంపదు. దానికని అప్పు చెయ్యొద్దు.

అయితే జాగ్రత్తలు చెప్పి చేతులు దులుపుకుంటే చాలదు. స్థలం లేనివాడు పిల్లల్ని ఎక్కడ వేరు చేస్తాడు? 2006 నుంచి విదేశాల పెద్ద ఫారాలు టీకాతో ఈ రోగాన్ని అదుపులో పెట్టుకున్నాయి. మన పేదల దొడ్డికి ఆ టీకా ఎందుకు రాదు? 2021లో సవరించిన జాతీయ పశుసంపద పథకం వంద తల్లిపందుల ఫారానికి 30 లక్షల దాకా సబ్సిడీ ఇస్తానంది. మూడు పందులున్నవాడికి ఏమిచ్చింది? 1871 నాటి నేరజాతుల చట్టాన్ని 1952లో రద్దు చేశారు గాని, పందులవాళ్ళంటే ముక్కు మూసుకునే బుద్ధి ఆఫీసుల్లో ఇంకా రద్దు కాలేదు.

గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి వైద్యులు దొడ్ల దగ్గరికి రావాలి, చచ్చిన కూనల్ని కోసి రోగమేదో తేల్చాలి. టీకాలు ఉచితంగా వెయ్యాలి. చిన్న పెంపకందార్లకు బీమా, నష్టపరిహారం ఇవ్వాలి. దొడ్డికి ఊరి బయట స్థలమూ నీళ్ళూ చూపించాలి.

ఒక్కరు అడిగితే రేపు రమ్మంటారు. అందుకే ఇది పందులవాళ్ళ గొడవ అనుకోకుండా వ్యవసాయ కార్మికులంతా కలిసి అడగాలి. గేదె చచ్చినా, పంది చచ్చినా పేదవాడి పొయ్యి ఆరిపోవటం ఒకటే.