ఇంటి రౌటరులో తెరచిన తలుపు

మన విద్యార్థుల యిండ్లలో పెక్కింట నేడు రెండు మూడు ల్యాప్‌టాపులు గలవు. పై తరగతులవారు కొందరు హాస్టలునుండి యింటనున్న ల్యాప్‌టాపును వాడుకొనుటకో, స్నేహితులతో మైన్‌క్రాఫ్టు ఆడుకొనుటకో, తాము వ్రాసిన వెబ్‌పేజీని ఇతరులకు చూపుటకో రౌటరునందు పోర్టు ఫార్వర్డింగు అమర్చుచున్నారు. ఈ విద్యను నేర్చుకొనుట మంచిదే. కాని యది ఒక బాలునికిని అతని ల్యాప్‌టాపునకును మాత్రమే సంబంధించిన పని కాదనియు, ఇంటిల్లిపాదికిని తెలిసి జరుగవలసిన పని యనియు నా యభిప్రాయము. అందుకు గల కారణములను మనవి చేసెదను.

మొదట ఆ పని యెట్టిదో తెలిసికొందము. ఐపీవీ4 పద్ధతియందు చిరునామాలు సుమారు 430 కోట్లు మాత్రమే గలవు. లోకమందలి యంత్రములన్నిటికిని అవి చాలవు. అందుచే 1994లో నాట్ అను పద్ధతి ప్రకటింపబడెను. ఈ పద్ధతిచే ఇంటిలోని యంత్రములన్నియు బయటివారికి రౌటరు చిరునామాతోనే కనబడును. లోపల వానికి 192.168తో మొదలగు చిరునామాలు వంటివి వేరుగా నుండును. లోపలివారు అడిగినదానికి వచ్చిన జవాబును రౌటరు వారికి చేర్చును. ఎవ్వరును అడుగకయే బయటినుండి వచ్చినదానిని ఎవరికీయవలెనో తెలియక విడిచిపెట్టును. “ఈ సంఖ్యగల పోర్టునకు వచ్చినదానిని ఫలాని ల్యాప్‌టాపునకు పంపుము” అని రౌటరునకు ముందుగా నిచ్చు ఆజ్ఞయే పోర్టు ఫార్వర్డింగు. బయటి పోర్టు ఒకటి ఒక్క యంత్రమునకే పోవును. కావున రెండు ల్యాప్‌టాపులకు ఎస్‌ఎస్‌హెచ్ కావలసినచో, బయట 2201ని మొదటిదాని 22కును, 2202ను రెండవదాని 22కును పంపవలెను.

ఇచటనే ల్యాప్‌టాపు వలని చిక్కు గలదు. అది ఒకచోట నిలుచు వస్తువు కాదు. రౌటరు దానికిచ్చు చిరునామాయు శాశ్వతము కాదు. అన్న తన ల్యాప్‌టాపును తీసికొని కళాశాలకు వెళ్లును. అతడిచ్చిన ఆజ్ఞ మాత్రము రౌటరులో నిలిచియుండును. కొన్నాళ్లకు ఆ చిరునామాయే చెల్లెలి ల్యాప్‌టాపునకు రావచ్చును. అప్పుడు అన్న తెరచిన తలుపు చెల్లెలి యంత్రములోనికి దారితీయును. ఆ సంగతి ఆమెకును తెలియదు, తల్లిదండ్రులకును తెలియదు. కాబట్టి పోర్టు తెరచుటకు ముందే ఆ ల్యాప్‌టాపు మ్యాక్ సంఖ్యకు ఒక చిరునామాను రౌటరులో రిజర్వు చేయవలెను. ఈనాటి యంత్రములు కొన్ని మ్యాక్ సంఖ్యను మార్చుకొనుచుండును గనుక, ఇంటి వైఫైకి ఆ మార్పును ఆపివేయవలెను.

“మా యింటిని ఎవరు వెదకివత్తురు?” అని కొందరందురు. వెదకువారు మనుష్యులు కారు. చిరునామాలను ఒకదానివెంట నొకటి తట్టిచూచు ప్రోగ్రాములు రేయింబవళ్లు పనిచేయుచున్నవి. 2016లో మిరాయి అను దుష్టప్రోగ్రాము, కంపెనీవారు పెట్టిన పాస్‌వర్డులను మార్చని కెమేరాలను, రౌటర్లను ఇట్లే వశపరచుకొనెను. 2017 మేలో వన్నాక్రై విండోసు యంత్రముల 445 పోర్టు ద్వారా వ్యాపించెను. “మా పాస్‌వర్డు బలమైనది” అనుటయు చాలదు. 2019 మేలో మైక్రోసాఫ్టువారు సరిచేసిన రిమోట్ డెస్క్‌టాపు లోపమునకు పాస్‌వర్డుతో పనియే లేకుండెను. అట్లు ఒక ల్యాప్‌టాపు చెడినచో, అదే నెట్‌వర్కుపైనున్న తండ్రి బ్యాంకు కాగితములకును, తల్లి దాచుకొన్న ఫొటోలకును అపాయమే. తలుపు తెరచినది ఒక్కరు, నష్టపడునది అందరు.

అట్లని తల్లిదండ్రులు భయపడి యీ విద్యను నిషేధింపరాదు. నిషేధించినచో పిల్లలు చాటుగా చేయుదురు. పద్ధతిగా చేయుట నేర్పుటయే మేలు. రౌటరు ప్రక్కన గోడమీద ఒక కాగితము అంటించి, ఏ పోర్టు, ఏ యంత్రమునకు, ఎవరు, ఎందులకు, ఎన్నాళ్లకు తెరచిరో వ్రాయవలెను. ప్రోగ్రాములు అడిగినంతనే తలుపులు తెరచు యూపీఎన్‌పీని ఆపివేయవలెను; లేనియెడల కాగితములో లేని తలుపులు రౌటరులో నుండును. రిమోట్ డెస్క్‌టాపు 3389 పోర్టును నేరుగా తెరువకుండుటయే క్షేమము. దానికి మారుగా వైర్‌గార్డు వంటి వీపీఎన్‌ను అమర్చినచో, ఒక్క పోర్టుతోనే ల్యాప్‌టాపులన్నిటిని చేరవచ్చును. తాళపుచెవి లేనివారికి అది బదులే పలుకదు.

మరియొక సంగతి. రౌటరు బయటి చిరునామా 100.64 మొదలు 100.127 వరకు గల వానిలోనిదైనచో, మీ రౌటరునకు పైన కంపెనీవారి నాట్ ఒకటి గలదు. అప్పుడు రౌటరులో ఎన్ని ఆజ్ఞలిచ్చినను బయటివారెవరును లోనికి రాలేరు. రాత్రియెల్ల శ్రమపడుటకు ముందు దీనిని చూచుకొని, అవసరమైన యెడల కంపెనీవారిని పబ్లిక్ చిరునామా అడుగవలెను.

విద్యార్థులారా! తలుపు తెరచుట అయిదు నిముషముల పని. దానిని జ్ఞాపకముంచుకొని మూయుట శీలమునకు సంబంధించిన పని. సెలవులు ముగిసి పెట్టె సర్దుకొనునపుడు, ల్యాప్‌టాపుతోపాటు రౌటరునందలి మీ యాజ్ఞను గూడ తీసివేసి, గోడమీది కాగితములో గీత కొట్టి బయలుదేరుడు. మీ వెనుక ఇంట నిద్రించువారు ఆ తలుపు సంగతి యెరుగరు. దానికి కావలి మీరే.